గద్దకూ ఒక దవాఖానా

పక్షుల్లో మనిషి ప్రేమకు నోచుకున్నవి కొన్ని ఉన్నాయి. చిలుకను పెంచుకుంటాం. పావురాలకు గింజలు చల్లుతాం. పిచ్చుక చూరులో గూడు కట్టుకుంటే ఇంటికి కళ వచ్చిందని సంతోషిస్తాం. గద్ద సంగతి వేరు. మన భాషలో దానికి మంచి పేరే లేదు. ఒకరి సొత్తు మరొకరు లాక్కుంటే 'గద్దలా తన్నుకుపోయాడు' అంటాం. కోడిపిల్లలున్న వాకిట్లో గద్ద నీడ కదిలితే చాలు, ఇంటి ఆడవాళ్లు కర్ర పట్టుకుని బయటికి వస్తారు. అది పాడదు. దాని రంగు చూసి మురిసిపోయేవారు లేరు. దాని మాంసం మనకు హలాల్ కూడా కాదు. గోళ్లతో వేటాడే పక్షులను తినవద్దని దైవప్రవక్త ముహమ్మద్ (స) వారించారు.

అలాంటి పక్షి రెక్క తెగి నెత్తురోడుతూ నడిరోడ్డు మీద పడితే దాన్ని గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయేవారు ఎవరుంటారు? ఢిల్లీలో ఉన్నారు. నదీమ్ షహజాద్, ముహమ్మద్ సఊద్ అనే ఇద్దరు అన్నదమ్ములు. ఉత్తర ఢిల్లీలోని వజీరాబాద్ వారి నివాసం. వారి మీద షౌనక్ సేన్ అనే దర్శకుడు తీసిన డాక్యుమెంటరీ చిత్రం 'ఆల్ దట్ బ్రీత్స్' 2022లో విడుదలైంది. ఊపిరి తీసుకునే ప్రతిదీ అని ఆ పేరుకు అర్థం. జుమా రోజున ఈ పేజీ చదివే కుటుంబాలు ఆ చిత్రం గురించి తెలుసుకోవాలని మేము కోరుకుంటున్నాము. సినిమా కబుర్లు చెప్పడం మా ఉద్దేశం కాదు. అందులో మన ధర్మానికి, మన వీధికి, మన పిల్లల చేతిలోని దారపు చరఖాకు కూడా సంబంధించిన విషయం ఉంది.

ఢిల్లీ ఆకాశంలో గద్దలు

ఊళ్లలో, పట్టణాల్లో మనకు తరచుగా కనిపించే గోధుమ నలుపు కలిసిన గద్దనే శాస్త్రజ్ఞులు నల్ల గద్ద అంటారు. ఉర్దూలో చీల్. తోక చివర కాస్త చీలినట్టుంటుంది. ఈ జాతి గద్దలు ప్రపంచంలోకెల్లా అత్యంత దట్టంగా నివసించే నగరాల్లో ఢిల్లీ ఒకటి. దానికి కారణాలున్నాయి. ఆ మహానగరం ప్రతిరోజూ గుట్టలుగా చెత్త పారేస్తుంది. గాజీపూర్‌లోని చెత్తకొండ మీద వేల గద్దలు తిరుగుతుంటాయి. కబేళాల వ్యర్థాలు వాటికి ఆహారం. పాత ఢిల్లీలో ముస్లిములు సదఖాగా మాంసపు ముక్కలు గాలిలోకి విసరడం, గద్దలు వాటిని నేల తాకకముందే అందుకోవడం చాలాకాలంగా ఉన్న ఆచారం.

మరో కారణం ఇంకా ముఖ్యమైనది. ఒకప్పుడు మన దేశంలో కళేబరాలను శుభ్రం చేసే పని రాబందులది. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అనే మందు, చనిపోయిన పశువు మాంసం ద్వారా రాబందుల కడుపులోకి పోయి వాటి మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుంచి పదిహేనేళ్లలో ఒక జాతి రాబందులు 99 శాతానికి పైగా నశించిపోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించేనాటికే జరగవలసిన నష్టం జరిగిపోయింది. ఇక నగరాల్లో కుళ్లినదాన్ని తొలగించే భారం కాకుల మీద, కుక్కల మీద, గద్దల మీద పడింది. మనం చీదరించుకునే పక్షి, మనం పారేసిన మురికిని కడుపులో వేసుకుని మనకు జబ్బులు రాకుండా కాపాడుతోంది. సృష్టిలో దేనినీ అల్లాహ్ వ్యర్థంగా పుట్టించలేదనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

అన్నదమ్ముల కథ

సోదరులిద్దరూ పశువైద్యం చదివినవారు కారు. యువకులుగా ఉన్నప్పుడు వారికి కండలు పెంచే వ్యాయామం మీద మోజు. సుమారు 2003లో వారికి గాయపడిన ఒక గద్ద దొరికింది. దాన్ని తీసుకుని ఒక పక్షుల ధర్మాసుపత్రికి వెళ్లారు. అది మాంసం తినే పక్షి గనుక చేర్చుకోవడం కుదరదని అక్కడివారు చెప్పారు. ఆ ఆసుపత్రివారిని నిందించడం మా ఉద్దేశం కాదు. ఎవరి నియమాలు వారికుంటాయి. పావురాలకు, చిలుకలకు ఎంతో సేవచేసేవారూ ఉంటారు. కాని, ఆసుపత్రి వాకిలి దాకా వచ్చిన ఒక ప్రాణికి దాని తిండి కారణంగా తలుపు మూసుకుపోయింది. ఆ తిండిని దానికి నిర్ణయించినవాడు దాన్ని పుట్టించినవాడే కదా!

కొంతకాలానికి మరో గద్ద దొరికింది. ఈసారి వారు ఏ వాకిలికీ వెళ్లలేదు. తామే కట్టుకట్టారు. వ్యాయామంలో కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, స్నాయువు తెగితే ఏమవుతుందో పత్రికల్లో చదివి తెలుసుకున్నది అప్పుడు పనికొచ్చింది. క్రమంగా వైద్యుల సలహాలు తీసుకున్నారు, పుస్తకాలు చదివారు, చేయి తిరిగింది. 2010లో 'వైల్డ్‌లైఫ్ రెస్క్యూ' అనే సంస్థగా ఏర్పడ్డారు. పొట్టకూటికి వారు చేసే పని ద్రవసబ్బు పోసే డబ్బాల తయారీ. ఇంటి నేలమాళిగలో ఒకవైపు ఆ డబ్బాల పని, మరోవైపు అట్టపెట్టెల్లో గాయపడ్డ పక్షులు. మేడమీద జాలీ కట్టిన గదుల్లో కోలుకుంటున్న గద్దలు. రెండు దశాబ్దాల్లో 20,000కు పైగా వేటపక్షులకు వారు చికిత్స చేశారు. వారికి తోడు సాలిక్ రహమాన్ అనే యువకుడు. అతని అమాయకపు మాటలు, చొక్కా జేబులో ఉడుతను పెట్టుకుని ఆటోలో వెళ్లడం చిత్రం చూసినవారు మరచిపోరు. ఒక సందర్భంలో గద్ద అతని కళ్లద్దాలు తన్నుకుపోతుంది కూడా. నవ్వుకుంటాం గానీ, మేలు చేసినవాడి కళ్లద్దాలు తీసుకుపోయే ప్రాణికి కూడా మేలు చేస్తూ ఉండటమే నిజమైన సేవ అని ఆ తర్వాత తోస్తుంది.

చిత్రంలో ఏముంది?

గంటన్నర నిడివిగల ఈ చిత్రంలో ఉపన్యాసాలు లేవు. పక్షుల లెక్కలు చెప్పే కంఠమూ లేదు. మొదటి దృశ్యంలో రాత్రివేళ చెత్త మైదానంలో ఎలుకలు కనిపిస్తాయి. ఆ తర్వాత నేల మీద, నీళ్లలో, తీగల మీద, పొగమంచులో ఎన్నో ప్రాణులు. వాటి మధ్యనే మనిషి. ఇద్దరు సోదరులు, ఒక సహాయకుడు, ఇరుకు గది, మాటిమాటికీ పోయే కరెంటు, మొరాయించే మాంసం యంత్రం. గాయపడిన గద్ద నదికి అవతల కనబడితే చలిలో నీళ్లలో దిగి ఈది వెళ్లి తెచ్చే ఘట్టం ఉంది. డబ్బు సరిపోదు. విదేశీ విరాళాలు తీసుకోవడానికి కావలసిన ప్రభుత్వ అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు విసుక్కుంటారు. పెద్దవాడికి విదేశానికి వెళ్లి ఈ విద్యను పూర్తిగా నేర్చుకోవాలని ఉంటుంది. చిన్నవాడు పక్షుల పక్కనే ఉండిపోతాడు. సత్కార్యం చేసేవారి ఇంట్లోనూ అలసట, చిరాకు, అప్పు ఉంటాయని దాచకుండా చూపడం ఈ చిత్రంలోని నిజాయితీ.

చిత్రంలో వారి తల్లి జ్ఞాపకం పదేపదే వస్తుంది. ఊపిరి తీసుకునే వాటిలో తేడాలు చూడరాదన్న భావం ఆమె దగ్గర నేర్చుకున్నదేనని వారు చెప్పుకుంటారు. చిత్రానికి పేరు అక్కడినుంచే వచ్చింది. ఒక తల్లి పిల్లలకు చెప్పిన మాట ఎంతదూరం పోయిందో చూడండి. 2022 జనవరిలో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రపంచ డాక్యుమెంటరీల విభాగంలో అత్యున్నత బహుమతి లభించింది. అదే సంవత్సరం ఫ్రాన్స్‌లోని కాన్ ఉత్సవంలో 'గోల్డెన్ ఐ' పురస్కారం వచ్చింది. 2023 మార్చిలో మన తెలుగు పాట 'నాటు నాటు' ఆస్కార్ గెలుచుకున్న సాయంత్రమే ఈ చిత్రం కూడా డాక్యుమెంటరీల విభాగంలో పోటీలో నిలిచింది. బహుమతి 'నవాల్నీ' అనే చిత్రానికి వెళ్లింది. తెలుగువారంతా టీవీల ముందు కూర్చున్న ఆ రోజున, వజీరాబాద్ ఇరుకు సందులోని గద్దల దవాఖానా పేరు కూడా అదే వేదిక మీద వినబడిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

రెక్కను కోసే దారం

ఇంతకీ ఆ గద్దలను గాయపరిచేది ఏది? ఎక్కువగా పతంగి దారం. మాంజా. దారానికి జిగురుతో గాజుపొడి పట్టించి ఆరబెడితే అది కత్తి అంచులా తయారవుతుంది. ఎదుటివాడి పతంగిని కోయడానికి పనికొస్తుంది. ఇప్పుడు వస్తున్న నైలాన్ మాంజా మరీ ప్రమాదకరం. నూలు దారం లాగితే తెగుతుంది, వానకు చివికిపోతుంది. నైలాన్ తెగదు, చివకదు. పండుగ వెళ్లిపోయినా చెట్లకు, స్తంభాలకు, తీగలకు నెలల తరబడి వేలాడుతూనే ఉంటుంది.

గాలిలో వేగంగా వచ్చే గద్దకు ఆ సన్నని దారం కనబడదు. రెక్క ముందుభాగంలో భుజం నుంచి మణికట్టు దాకా పలుచని చర్మపు పొర ఉంటుంది. రెక్క చాచడానికి పనికొచ్చే స్నాయువు అందులోనే ఉంది. దారం తగిలేది సరిగ్గా అక్కడే. పక్షి విడిపించుకోవాలని గింజుకుంటుంది. గింజుకున్నకొద్దీ దారం రంపంలా లోపలికి దిగుతుంది. ఒక్కోసారి ఎముక దాకా కోస్తుంది. స్నాయువు పూర్తిగా తెగిన గద్ద మళ్లీ ఎగరలేదు. ఎగరలేని గద్దకు ఆకాశమూ లేదు, ఆహారమూ లేదు.

ఢిల్లీలో పతంగుల జోరు ఆగస్టు 15 చుట్టూ ఉంటుంది. ఆ రోజుల్లోనే సోదరుల గదిలో అట్టపెట్టెలు కిక్కిరిసిపోతాయి. మన హైదరాబాద్‌లో ఆ జోరు జనవరిలో, సంక్రాంతి వేళ. హిందూ ముస్లిం తేడా లేకుండా మేడలన్నీ నిండిపోతాయి. పాతబస్తీలో పతంగులు, మాంజా అమ్మేవారిలో మనవారూ ఉన్నారు. నైలాన్ మాంజాను తెలంగాణలో 2016లో నిషేధించారు. ఢిల్లీ ప్రభుత్వం 2017 జనవరిలో, జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది దేశమంతటికీ వర్తించేలా నిషేధించాయి. అయినా ప్రతి ఏటా పోలీసులు దుకాణాల మీద దాడులు చేసి చరఖాలు పట్టుకోవలసి వస్తోంది. 2024 జనవరిలో హైదరాబాద్‌లో ద్విచక్ర వాహనం మీద ఇంటికి వెళ్తున్న ఒక సైనికుడి మెడకు మాంజా తగిలి ప్రాణం పోయింది. పక్షి రెక్కను కోసే దారం మనిషి గొంతునూ వదలదు.

హదీసులో గద్ద

హదీసు పాఠం చెప్పేటప్పుడు తెలివైన విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. హరమ్ హద్దుల్లో కూడా చంపడానికి అనుమతి ఉన్న ఐదు ప్రాణుల పేర్లు హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖనంలో ఉన్నాయి: కాకి, గద్ద, తేలు, ఎలుక, కరిచే కుక్క. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. మరి గద్దకు వైద్యం చేయడం ఎందుకు?

ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా మన గ్రంథాల్లోనే ఉంది. ఆ అనుమతి హాని తొలగించుకోవడానికి. అది ఆజ్ఞ కాదు, హింసకు పరవానా అంతకన్నా కాదు. అదే జాబితాలో కుక్క ఉంది. ఐనా దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు బావిలోకి దిగి నీళ్లు తెచ్చి తాగించినవాడి పాపాలను అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉంటుందా అని సహచరులు అడిగితే, తడి గుండె ఉన్న ప్రతి ప్రాణి విషయంలో పుణ్యం ఉందని సెలవిచ్చారు. చంపక తప్పని చోట కూడా చక్కని రీతిలో చంపాలని, జబహ్ చేసేవాడు కత్తి పదును పెట్టుకుని పశువుకు బాధ తగ్గించాలని ఆదేశించారు. ఒక పక్షిని కట్టేసి బాణాలకు గురిగా పెట్టుకున్న ఖురైష్ యువకులను చూసి హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (ర), ప్రాణమున్న దాన్ని గురిగా చేసుకునేవాడిని దైవప్రవక్త (స) శపించారని హెచ్చరించారు. వినోదం కోసం పక్షిని గాయపరిచే యువకులు ఆనాడూ ఉన్నారు. వారికి అడ్డుచెప్పిన పెద్దలూ ఉన్నారు. ఈనాడు యువకులకు కొదవ లేదు. కావలసింది ఆ పెద్దలే.

గద్ద ప్రస్తావన ఉన్న మరో హదీసు చాలామందికి తెలియదు. అది కూడా బుఖారీలోనే, హజ్రత్ ఆయిషా (ర) ద్వారానే వచ్చింది. అరబ్బుల ఒక తెగలో ఒక నల్లజాతి స్త్రీ ఉండేది. వారు ఆమెను బానిసత్వం నుంచి విముక్తి చేశారు. ఆమె వారి దగ్గరే ఉండిపోయింది. ఒకరోజు ఆ ఇంటి అమ్మాయి ఎర్రని తోలుపట్టీ పోయింది. పైనుంచి చూసిన గద్ద దాన్ని మాంసమనుకుని తన్నుకుపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. నేరం ఆ నిరుపేద స్త్రీ మీద మోపారు. ఆమెను అవమానకరంగా సోదా చేశారు. ఆమె వారి మధ్య నిలబడి ఉండగానే ఆ గద్ద మళ్లీ వచ్చింది. పట్టీని అందరి మధ్యా పడేసి వెళ్లింది. ఆమె నిర్దోషి అని తేలింది. ఆ తర్వాత ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించింది. మస్జిదు ఆవరణలో ఆమెకొక చిన్న గుడారం ఉండేది. హజ్రత్ ఆయిషా (ర) దగ్గరికి వచ్చి కూర్చున్నప్పుడల్లా ఆ రోజును గుర్తుచేసుకునేది. మనుషులందరూ తప్పుగా వేలెత్తి చూపిన వేళ ఒక దిక్కులేని స్త్రీ పక్షాన సాక్ష్యం చెప్పింది ఒక గద్ద. 'దొంగ' అని మనం పేరుపెట్టిన పక్షి చేతనే అల్లాహ్ ఒక నిర్దోషిని కాపాడాడు.

నేల మీద సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీవంటి సమూహాలేనని అన్ఆమ్ సూరా 38వ ఆయతు బోధిస్తుంది. రెక్కలు చాచి ఎగిరే పక్షులకు తమ నమాజు, తమ తస్బీహ్ ఏమిటో తెలుసునని నూర్ సూరా 41వ ఆయతు తెలుపుతుంది. ఈ ఆయతుల వెలుగులో ఆలోచించండి. మాంజా తెంపేది ఒక రెక్కను మాత్రమేనా? తన ప్రభువును స్తుతిస్తున్న ఒక సమూహంలోని ప్రాణిని కూడా.

మాంసం విసిరితే కష్టాలు పోతాయా?

చిత్రంలో ఒక నమ్మకం గురించి వినబడుతుంది. గద్దకు మాంసం వేస్తే సవాబ్ వస్తుందని, అది ఆ మాంసంతో పాటు మన కష్టాలనూ తినేస్తుందని. మన దక్కనులోనూ రోగి తల చుట్టూ మాంసం తిప్పి మేడమీద గద్దలకు వేసేవారున్నారు. ఇక్కడ రెండు సంగతులు వేరుచేసి చూడాలి. ప్రాణికి తిండి పెట్టడంలో పుణ్యం ఉంది. విశ్వాసి నాటిన మొక్క నుంచి పక్షి తిన్నా అది అతనికి సదఖాయేనని హదీసు ఉంది. సదఖా ఆపదలను తొలగించడానికి తోడ్పడుతుందన్నదీ మన విశ్వాసమే. కాని ఆపదను తొలగించేవాడు అల్లాహ్. గద్ద కడుపులోకి మన కష్టం పోతుందన్న మాటకు ఖుర్ఆన్‌లో గాని హదీసులో గాని ఆధారం లేదు. పొరుగింట్లో పస్తులున్నప్పుడు ఆ మాంసం మీద మొదటి హక్కు ఆ ఇంటిది.

ఈ సోదరుల పనిలో మాకు నచ్చిన అంశం ఇదే. బాల్యంలో విన్న నమ్మకంతో మొదలైన ప్రేమను వారు విసిరే ముక్క దగ్గర ఆపలేదు. మాంసం విసిరేవాడికి కావలసింది తన కష్టం తీరడం. కుట్లు వేసేవాడికి కావలసింది పక్షి కష్టం తీరడం. మొదటిది సులువు, చేతికి నెత్తురంటదు. రెండోదానికి రాత్రుళ్లు మేలుకోవాలి.

మన చరిత్రలో

ఈ దయ మనకు కొత్తగా వచ్చింది కాదు. ఈజిప్టు జయించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (ర) సేనతో కదలబోయేసరికి ఆయన గుడారం మీద ఒక పావురం గూడు పెట్టి ఉందని, దాన్ని కదపవద్దని గుడారాన్ని అలాగే వదిలి వెళ్లారని చరిత్రకారులు చెబుతారు. ఆ చోట వెలసిన నగరమే ఫుస్తాత్. ఆ మాటకు గుడారమని అర్థం. తుర్కీలో ఉస్మానియా కాలపు మస్జిదుల గోడలకు పక్షుల కోసం రాతితో చెక్కిన చిన్నచిన్న భవనాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇస్తాంబుల్‌లోని అయజ్మా మస్జిదు వాటికి పేరుపొందింది. బుర్సా నగరంలో 19వ శతాబ్దంలో గాయపడ్డ కొంగల కోసం ప్రత్యేకంగా ఆసరా గృహం నడిచింది. మనుషుల దవాఖానాల కోసం వక్ఫ్ చేసిన సమాజమే పక్షుల కోసమూ చేసింది.

మన దేశం సంగతికొస్తే, పక్షిశాస్త్రానికి పెద్దదిక్కు సలీం అలీ (1896-1987) బొంబాయిలోని ముస్లిం కుటుంబంలో పుట్టినవాడే. చిన్నతనంలో తుపాకితో కొట్టిన ఒక పసుపు మెడ పిచ్చుక గురించి తెలుసుకోవాలన్న కోరికే ఆయనను పక్షుల వైపు మళ్లించింది. 1930ల మొదట్లో ఆయన హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి ఇక్కడి పక్షుల వివరాలు నమోదు చేశారు. మన అడవుల పక్షుల గురించి శాస్త్రజ్ఞులకు తెలిసినదానికి ఆ సర్వే ఒక పునాది. ఆయన వేసిన బాటలో నడిచే పిల్లలు మన ఇళ్లలో ఎందరున్నారు?

పొగ కమ్మిన రోజుల్లో

చిత్రం తీస్తున్న కాలంలోనే ఢిల్లీలో పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా ఉద్యమం సాగింది. 2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో అల్లర్లు చెలరేగి 53 మంది ప్రాణాలు పోయాయి. చనిపోయినవారిలో ముస్లిములు ఎక్కువ, హిందువులూ ఉన్నారు. ఆ మంటలు రేగిన పేటలకు సోదరుల ఇల్లు ఎంతో దూరం కాదు. చిత్రంలో ఆ విషయం దూరం నుంచి వినబడే నినాదంగా, ఇంటివారి మాటల్లోని కలవరంగా వస్తుంది. దర్శకుడు దానిమీద వ్యాఖ్యానం చేయడు. కాని చూసేవారికి అర్థమవుతుంది. బయట మనుషులను వేరుచేసి లెక్కిస్తున్న రోజుల్లో, లోపల ఇద్దరు మనుషులు కింద దీపం పెట్టుకుని గద్ద రెక్కకు కుట్లు వేస్తున్నారు. మర్నాడు ఇంకొన్ని పెట్టెలు వస్తాయి. ఎవరు తెచ్చారని అడగరు. తెచ్చినవారి మతం అడగరు. పక్షి ఏం తింటుందని అసలే అడగరు.

భయం మనిషిని ముడుచుకుపోయేలా చేస్తుంది. మన బాధే మనకు చాలు, పక్షుల సంగతి ఎవడు చూస్తాడు అనిపిస్తుంది. ఈ మాట మేము మస్జిదు వరండాలో, పెళ్లిళ్లలో ఎన్నోసార్లు విన్నాము. అది అర్థంలేని మాట కాదు. కాని దయ అనేది బాకీ తీరాక మిగిలిన డబ్బు వంటిది కాదు, ముందు మన కష్టాలు తీరాక పంచుదామనుకోవడానికి. దైవప్రవక్త (స), సహచరులు ప్రయాణపు అలసటలో ఉన్నప్పుడే ఒక పిట్ట తన పిల్లల కోసం రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. పిల్లలను తీసుకున్నది సహచరులే. ఈ తల్లిని ఎవరు బాధపెట్టారని ఆయన విచారించి, పిల్లలను తిరిగి ఇప్పించారు. అబూదావూద్ గ్రంథంలోని ఈ ఉదంతంలో ఆ పిట్ట ఎవరికీ ఏ ఉపకారమూ చేయలేదు. అది బాధలో ఉంది, అంతే. ఆ కారణం ఆయనకు సరిపోయింది.

మనం చేయదగినవి

మొదటిది ఇంట్లో. పిల్లవాడు పతంగి అడిగితే కొనివ్వండి. ఆట తప్పు కాదు. గాజుపొడి లేని నూలు దారం కొనివ్వండి. నైలాన్ చరఖా ఇంట్లోకి రానివ్వకండి. అమ్మే సోదరులకు ఒక మాట: ఎవరికీ హాని చేయరాదు, హానికి హానీ చేయరాదు అన్నది మన ధర్మశాస్త్రపు మూలసూత్రాల్లో ఒకటి. నిషేధించిన సరుకు, అందులోనూ గొంతులు కోసే సరుకు దొంగచాటుగా అమ్మగా వచ్చే రూపాయిలో బర్కత్ ఎలా ఉంటుంది?

రెండోది వీధిలో. దారిలోంచి హానికరమైన వస్తువును తొలగించడం ఈమాన్ శాఖల్లో ఒకటని ప్రతి మక్తబ్ పిల్లవాడికీ నేర్పుతాం. పండుగ మర్నాడు చెట్లకు, గేట్లకు, మేడలకు వేలాడే మాంజా ముక్కలను యువకులు జట్లుగా వెళ్లి కర్రలతో తీసి కట్టకట్టి చెత్తబండిలో వేస్తే ఆ హదీసును ఆచరించినట్టే. విద్యుత్ తీగల జోలికి మాత్రం పోకూడదు, ఆ పని సిబ్బందికే చెప్పాలి. ఇస్లామీ యువజన సంఘాలు, మస్జిదు కమిటీలు దీన్ని ఒక కార్యక్రమంగా తీసుకోవచ్చు.

మూడోది, గాయపడ్డ పక్షి కంటబడితే. దాని మీద మెత్తని తువ్వాలు కప్పి ఎత్తండి. గద్ద గోళ్లు గట్టివి, చేతులు జాగ్రత్త. గాయంలో ఇరుక్కున్న దారాన్ని లాగకండి. చుట్టూ ఉన్నదాన్ని కత్తెరతో కత్తిరించండి. గాలి ఆడేలా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో, చీకటిగా, సడి లేని చోట పెట్టండి. ముక్కు తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చనిపోతుంది. వెంటనే అటవీశాఖకు గాని, పక్షులను కాపాడే స్థానిక సంస్థకు గాని, పశువైద్యుడికి గాని చేర్చండి. అడవి పక్షిని ఇంట్లోనే అట్టిపెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు.

నాలుగోది బఖ్రీదుకు. ఖుర్బానీ వ్యర్థాలను వీధిలో, చెరువుగట్టున పారేయడం మన పండుగకు మచ్చ. విమానాశ్రయాల దగ్గర గద్దలు గుమికూడి విమానాలకు తగులుతాయని అధికారులు ఏటా హెచ్చరిస్తుంటారు. పూడ్చడమో, పురపాలక సిబ్బందికి అప్పగించడమో చేస్తే అందరికీ క్షేమం.

ముల్క్ సూరా 19వ ఆయతు మనల్ని తలెత్తి పక్షులను చూడమంటుంది. రెక్కలు చాస్తూ, ముడుస్తూ ఎగిరే వాటిని ఆకాశంలో నిలిపి ఉంచేది కరుణామయుడు తప్ప మరెవరూ కాదని గుర్తుచేస్తుంది. అల్లాహ్ పేర్లలో ఆ సందర్భానికి వచ్చిన పేరు రహ్మాన్. ఆయన కరుణతో నిలిపి ఉంచిన దాన్ని మన వినోదం కింద పడేయకూడదు. పడినదాన్ని చూసీచూడనట్టు దాటిపోనూ కూడదు. వజీరాబాద్ నేలమాళిగలో ఇద్దరు అన్నదమ్ములు చేస్తున్నది అంతే. దానికి ఆస్తి అక్కరలేదు, పట్టా అక్కరలేదు. వంగి ఎత్తుకునే చేతులు కావాలి.

నేల మీదివారి పట్ల దయ చూపే మనసును అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! మన చేతుల వల్ల ఏ ప్రాణికీ అకారణంగా బాధ కలగకుండా కాపాడుగాక! ఆమీన్.